ఇద్దర్నీ ప్రతిపాదించాను

మా విశ్వవిద్యాలయంలో ఇద్దరు హేమాహేమీలను ఒక్క రోజులో మట్టి కరిపించినదాన్ని నేను. ప్రచారం చెయ్యలేదు, కరపత్రం వెయ్యలేదు, ఎవరి గడపా తొక్కలేదు. రెండు సంతకాలు పెట్టాను. అంతే, పోలింగు జరగకుండానే ఇద్దరూ పోయారు. (పోయారంటే పోటీలోంచండి. ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు. నేను ఎదురైతే మాత్రం ఇప్పటికీ వరండాలో నోటీసు బోర్డు చదవడం మొదలుపెడతారు, బోర్డు ఖాళీగా ఉన్నా సరే.) ఆ ప్రళయం ఎలా వచ్చిందో ఇప్పుడు చెబుతాను. తప్పు నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను. క్షమాపణ కోసం మాత్రం వెతక్కండి, అది ఇందులో లేదు.

చదువుకున్న మనిషి ఇంత తెలివితక్కువ పని చేస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. అందుకని నా చదువు గురించి ముందు చెప్పాలి. నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఉబ్బసం. ద్రాక్షారామంలో మా అమ్మే వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టి, అక్షరాల దగ్గర్నుంచి అలంకారాల దాకా చెప్పింది. పరీక్షలన్నీ ప్రైవేటుగా రాశాను. ఎమ్మేలో చేరేదాకా తరగతి గదిలో బల్ల మీద కూర్చున్న పాపాన పోలేదు. అమ్మ దయవల్ల చదువు బాగానే వచ్చింది. రానిదల్లా బడిపిల్లలకు ఊరికే వచ్చేసే ఒక విద్య. క్లాసు లీడరు ఎన్నికలో ఇద్దరికీ చెయ్యెత్తితే వీపు విమానం మోత మోగుతుందని మూడో తరగతి పిల్లలందరికీ తెలుసు. నేను మూడో తరగతి చదివినప్పుడు నా పక్కన కూర్చున్నది కందిపప్పు డబ్బా.

దానికి తోడు కృతజ్ఞత. రోజూ దీపం పెట్టి భీమేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకున్నాక, ఆ రోజు నాకు మేలు చేసినవాళ్ల పేర్లు చెప్పుకోవడం అమ్మ చేసిన అలవాటు. బస్సులో చోటిచ్చినావిడ పేరు తెలియకపోతే "ఆకుపచ్చ చీరావిడ" అంటాను. స్వామి పోల్చుకుంటాడు. మంచి అలవాటే. కానీ ఎన్నికల్లో నిలబడ్డవాళ్లిద్దరూ మనకు మేలు చేసినవాళ్లే అయితే ఏం చెయ్యాలో అమ్మ చెప్పలేదు.

నాకు తెలుగు శాఖలో ఉద్యోగం వచ్చి తొమ్మిది నెలలయింది. అప్పుడు అధ్యాపక సభకు ఎన్నికలొచ్చాయి. పాఠాలు, పరీక్షలు, సెలవులు, ఇవన్నీ మేమే కూర్చుని మాట్లాడుకుని, తీర్మానాలు చేసి పాలకమండలికి పంపే సభ అది. శాఖకో ప్రతినిధి ఉంటారు. వాళ్లు కాక ఒక కార్యదర్శి. పర్మినెంటు అధ్యాపకులందరూ ఓట్లేసి ఎన్నుకోవాలి. అజెండా రాసేదీ, తీర్మానాలు సభ ముందు పెట్టేదీ ఆ కార్యదర్శే. అందుకని ఆ కుర్చీ మీద అందరికీ కన్ను.

ఆ ఏడు కుర్చీకి ఇద్దరు. ఎకనామిక్సు భీమరాజుగారు, కెమిస్ట్రీ రత్నంగారు. ఆరేళ్లుగా ఇద్దరూ ఒక బల్ల దగ్గర టీ తాగి ఎరగరు. కరపత్రాలు కూడా పోటీ పడి వేశారు. రెండింట్లోనూ నాలుగో హామీ మటుకు ఒకటే: కాంట్రాక్టు మహిళా అధ్యాపకులకు ప్రసూతి సెలవు.

ఆ హామీ కోసం కాచుకుని కూర్చున్న మనిషి మా పక్క గదిలోనే ఉంది. గ్రేస్. ఇంగ్లీషు చెబుతుంది. ఎనిమిదేళ్లుగా కాంట్రాక్టు లెక్చరరు. భర్త కడియంలో నర్సరీలో మొక్కలకు అంట్లు కడతాడు. గ్రేస్‌కి అప్పుడు ఆరో నెల. కాంట్రాక్టువాళ్లకు కాన్పు సెలవు లేదు. ఇంట్లో కూర్చుంటే కాంట్రాక్టు తెగిపోతుంది. మళ్లీ చేరితే కొత్తగా వచ్చిన మనిషి కిందే లెక్క. ఎనిమిదేళ్ల సర్వీసూ గోదాట్లో కలిసిపోతుంది. ఓటేసి ఎవరినైనా గెలిపించుకుందామా అంటే కాంట్రాక్టువాళ్లకు ఓటే లేదు.

"ఎలాగే గ్రేసూ?" అని అడిగాను ఓ రోజు.

"ప్రార్థన చేస్తున్నానక్కా. పన్లో పనిగా ఇద్దరి కరపత్రాలూ బైబిల్లో పెట్టుకున్నాను. ఎవరు గెలిచినా నాలుగో హామీ నాదే."

నామినేషన్ల చివరి రోజున భీమరాజుగారు మా గదికి వచ్చారు. భీమవరం వైపు మనిషి, రొయ్యల చెరువులున్నాయి, గొంతు కూడా చెరువు గట్టు మీంచి పిలిచినట్టే ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరిన రోజున గదిలో కుర్చీ లేకపోతే, అడక్కుండానే తన గదిలోంచి కుర్చీ పంపించిన మహానుభావుడు. ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.

"సుభద్రగారూ, చిన్న సంతకమండి. నన్ను ప్రతిపాదిస్తున్నట్టు. తెలుగు శాఖవారు ప్రతిపాదిస్తే నిండుగా ఉంటుందని."

"అంతకన్నా భాగ్యమాండి," అని పెట్టాను.

"ఇంకోటుందండి. ఇది డమ్మీ."

"డమ్మీ అంటేనండి?"

"నా కాయితంలో ఏదైనా తేడా వచ్చిందనుకోండి, మన వర్గానికి ఇంకో మనిషుండాలి కదా. మా శాఖాయన ప్రతిపాదిస్తాడు, మీ పేరున ఒకటి వేసి ఉంచుతాం. నాది ఓకే అయిపోగానే మీరు ఉపసంహరించేసుకుంటారు. మీకేం తెలియక్కర్లేదు, మీరేం చెయ్యక్కర్లేదు."

ఏమీ తెలియక్కర్లేని, ఏమీ చెయ్యక్కర్లేని పని నాకన్నా బాగా ఎవరు చేస్తారు? అదీ సంతకం పెట్టాను.

గంట తిరక్కుండా రత్నంగారు వచ్చారు. చర్చిలో పాటలు పాడే మనిషి, మాట మెత్తన. నాకు జ్వరమొస్తే నాలుగు రోజులపాటు వాళ్లావిడ మిరియాల చారు క్యారేజీ పంపింది. ఆ చారు రుచి ఇంకా నాలుక మీద ఉండగానే ఆయన కాయితం చాచారు.

"మీ చేత్తో ప్రతిపాదిస్తే మంచిదని మా ఆవిడ మరీమరీ చెప్పిందండి."

ప్రతిపాదించడమంటే ఫలానా ఆయన మంచివాడని సాక్ష్యం చెప్పడం అనుకున్నాను నేను. ఇద్దరూ మంచివాళ్లే. మరి భీమరాజుగారికి పెట్టానని ఈయనకు చెప్పొద్దా అంటారా? ఒకరికి చేసిన సాయం ఇంకొకరి దగ్గర చెప్పుకోకూడదని అమ్మ చెప్పింది. నోరు మూసుకుని, ఆయన పెన్నుతోనే సంతకం పెట్టి, రెండు చేతులా కాయితం అందించాను.

మర్నాడు పదకొండింటికి నామినేషన్ల పరిశీలన. ఎన్నికల అధికారి లెక్కల శాఖ కామేశ్వర్రావుగారు. నవ్వితే తన మార్కులు తగ్గిపోతాయేమో అన్నట్టుండే మనిషి. నన్ను పిలిపించారు. వెళ్లేసరికి అభ్యర్థులిద్దరూ ఆయనకు చెరోవైపునా కూర్చుని ఉన్నారు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"మరి ఇది?"

"అదీ నాదేనండి. కొంచెం వంకర పోయింది. పెన్ను రత్నంగారిది."

భీమరాజుగారి తల రత్నంగారివైపు తిరిగింది. రత్నంగారి తల నావైపు తిరిగింది. నేను ఇద్దరికీ నమస్కారం పెట్టాను.

"ఇద్దర్నీ ప్రతిపాదించారా?" అన్నారు కామేశ్వర్రావుగారు.

"ఇద్దరూ అడిగారండి."

"అడిగితే?"

"ఒకరికి పెట్టి ఇంకొకరికి పెట్టకపోతే బాగుండదు కదండి."

"అమ్మా, ఇది పేరంటం కాదు. ఇంటింటికీ బొట్టు పెట్టడానికి!" అని, కాయితం వెనక్కి తిప్పి చదివారు. "ఒక సభ్యుడు ఒక్క అభ్యర్థినే ప్రతిపాదించవలెను. అంతకు మించి ప్రతిపాదించినచో ఆ నామినేషన్లన్నియు చెల్లవు."

చూడండి నా విద్య. తాటాకు గ్రంథంలో చెద తినేసిన అక్షరం ఏమై ఉంటుందో ఊహించి చెప్పగలను. తెల్ల కాయితానికి రెండోవైపు ఉంటుందని మాత్రం తట్టలేదు.

"సార్, ఆవిడేదో అమాయకంగా..." అన్నారు రత్నంగారు.

"నిబంధనలో అమాయకులకు మినహాయింపు లేదండి," అని కామేశ్వర్రావుగారు రెండు కాయితాల మీదా ఎర్రగా అడ్డగీత కొట్టి, కిందున్న మూడోది తీశారు. "చెల్లుబాటైన నామినేషను ఒక్కటే. కె. సుభద్ర."

"ఆవిడెవరండి?" అన్నాను.

ఒట్టు. అలాగే అన్నాను.

ఉపసంహరణకు మర్నాడు సాయంత్రం నాలుగింటిదాకా గడువు. ఆ మధ్యాహ్నమే భీమరాజుగారూ రత్నంగారూ కలిసి మా గదికి వచ్చారు. ఆరేళ్లుగా ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్లను ఒక గుమ్మంలోంచి నడిపించిన పుణ్యం కూడా నాదేనని మనవి.

"ఏంటమ్మా ఇది?" అన్నారు భీమరాజుగారు. "విజయోత్సవానికని యానాం నుంచి సీసాల పెట్టెలు కూడా దిగాయి. ఇప్పుడు వాటినేం చెయ్యమంటారు?"

"అభిషేకానికి పనికిరావు కదండి," అన్నాను. ఎగతాళి కాదు, నిజంగా ఆలోచించే అన్నాను.

రత్నంగారు మెత్తగా ఒక కాయితం నా ముందుకు జరిపారు. "జరిగిందేదో జరిగింది. ఈ ఉపసంహరణ పత్రం మీద సంతకం పెట్టెయ్యండమ్మా. మూడు నెలల్లో మళ్లీ ఎన్నిక పెడతారు. మేమిద్దరం మర్యాదగా తేల్చుకుంటాం."

నిజం చెప్పొద్దూ, నేను పెన్ను మూత తీశాను. ఇద్దరు మంచివాళ్లకు చేసిన అపకారానికి అదొక్కటే ప్రాయశ్చిత్తం అనిపించింది. పెన్ను కాయితానికి ఆనబోతుండగా గుమ్మంలోంచి గ్రేస్ గొంతు వినబడింది. చాక్‌పీసుల డబ్బాతో ఎప్పుడొచ్చి నిలబడిందో.

"మూడు నెలలా సార్? మరి ఇంకో పదమూడు రోజుల్లో ఉన్న సభ?"

"కార్యదర్శి లేకుండా సభ జరగదమ్మా. వాయిదా పడుతుంది," అన్నారు రత్నంగారు.

గ్రేస్ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది.

"అయితే మీ నాలుగో హామీ తిన్నగా కాన్పుల వార్డుకే వస్తుందండి. పర్లేదు సార్, నేను మత్తులో ఉంటే నర్సమ్మ చేతికిచ్చి వెళ్లండి."

"అదేంటమ్మా అలా మాట్లాడతావ్? ఒక్క మనిషి కోసం సభ మర్యాద..." అని భీమరాజుగారు మొదలుపెట్టారు.

నాకు ఒంట్లో ఎక్కడో అగ్గిపుల్ల గీసినట్టయింది. ఒక్క మనిషా? కుర్చీ లేక నిలబడ్డ రోజున నేనూ ఒక్క మనిషినే కదా! ఆ రోజు ఈయనే కదా కుర్చీ పంపించింది! పెన్నుకు మూత పెట్టాను.

"పెట్టనండి."

"ఏంటి పెట్టరు?"

"సంతకమండి. ఇప్పటికే ఒకటి ఎక్కువ పెట్టాను."

"అసలు సభ గురించి మీకేం తెలుసు?"

"ఏమీ తెలియదండి. తెలియక్కర్లేదని మీరే చెప్పారు."

"ఇది నమ్మకద్రోహం కాదా అమ్మా?" అన్నారు రత్నంగారు, నిజంగానే బాధపడుతూ.

"మీ ఇద్దరి నాలుగో హామీ ఒకటే కదండి. అది నేను చేసిపెడితే మీరిద్దరూ నెగ్గినట్టే. ఒకేసారి ఇద్దరూ నెగ్గడం ఏ ఎన్నికలో కుదురుతుందండి?"

మర్నాడు ఉదయం నుంచి నా ఫోను మోగుతూనే ఉంది. ఎవరూ చాటుగా నా పేరున ఉపసంహరణ పెట్టెయ్యకుండా, మధ్యాహ్నం నుంచి కామేశ్వర్రావుగారి గది ముందు బల్ల మీద కూర్చుని లలితా సహస్రనామం మొదలుపెట్టాను. మూడోసారి పూర్తవుతుండగా నాలుగైంది. కామేశ్వర్రావుగారు బయటికొచ్చి నోటీసు అంటించారు.

"ఏకగ్రీవాలు చాలా చూశాను," అన్నారాయన. "ఎవరికీ ఇష్టం లేని ఏకగ్రీవం ఇదే మొదటిసారి."

ఇక సభ. ఇరవై ఆరుగురు శాఖా ప్రతినిధులు వచ్చారు. వాళ్లలో భీమరాజుగారూ రత్నంగారూ ఉన్నారు. అధ్యక్షులు డీన్ విశ్వనాథంగారు. అజెండాలో మొదటి అంశం నా చేత్తో రాశాను: కాంట్రాక్టు మహిళా అధ్యాపకులకు ప్రసూతి సెలవు. ఆయన కళ్లజోడు సర్దుకుని దాన్ని కొట్టేశారు.

"పదిహేను రోజుల ముందు నోటీసు ఉండాలమ్మా. మీరు ఎన్నికై పన్నెండు రోజులే కదా అయింది."

"ఎన్నికవ్వక ముందే నోటీసు ఎలా ఇస్తానండి?"

"అదీ నిజమే. వచ్చే సభలో పెట్టండి."

"వచ్చే సభ ఆరు నెలలకండి. కడుపులో బిడ్డకు నోటీసు ఇచ్చినా ఆగదండి."

కొందరు నవ్వారు. నవ్వితే సరిపోతుందా? ఈ పన్నెండు రోజుల్లో నిబంధనల పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా, ప్రతి కాయితం తిరగేసి మరీ చదివాను. "సభ సమ్మతిస్తే నోటీసు లేకపోయినా తీసుకోవచ్చని ఉందండి," అన్నాను.

"ఎవరైనా సమ్మతిస్తున్నారా?" అన్నారు డీన్‌గారు.

భీమరాజుగారు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు. రత్నంగారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. మిగతావాళ్లు వీళ్లిద్దరివైపూ చూస్తున్నారు.

"చూశారుగా. తరవాతి అంశం."

తరవాతి అంశం స్కూటర్ల షెడ్డు ఏ వైపున వెయ్యాలన్నది. తూర్పా పడమరా అని గంటన్నర మాట్లాడారు. తేలలేదు. అప్పటికి బయటి నుంచి పెసరట్టు ఉప్మా వాసన రావడం మొదలైంది. ఇరవై ఆరు ముక్కులూ గుమ్మంవైపు తిరిగాయి.

"చివరగా కార్యదర్శిగారి వందన సమర్పణ," అన్నారు డీన్‌గారు, సగం లేస్తూ.

వందన సమర్పణ సంగతి మీకు తెలియంది కాదు. మన సభల్లో ఎవరూ వినని ఉపన్యాసం అదొక్కటే. అందుకే కొత్తవాళ్లకో, ఆడవాళ్లకో ఇస్తారు. నేను రెండూ. కానీ దానికో మర్యాద ఉంది. వందన సమర్పణ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు, ఎవరూ అడ్డం రాకూడదు, టిఫిను లోపలికి రాకూడదు. భీమేశ్వరస్వామి నన్ను ఆ కుర్చీలో ఎందుకు కూర్చోబెట్టాడో అప్పుడు బోధపడింది. లోకంలో నాకు బాగా వచ్చిన పని ఒక్కటే ఉంటే, అది ఇదే.

లేచి నిలబడ్డాను.

"అధ్యక్షులు విశ్వనాథంగారికి కృతజ్ఞతలు. నేను చేరిన మొదటి వారంలో గ్రంథాలయంలో పై అరలోని పుస్తకం అందకపోతే, ఇంత పెద్దవారై ఉండి నిచ్చెన పట్టుకున్నారు. ఇంతటి దయామయులు ఒక గర్భిణికి సెలవు ఇవ్వడానికి అడ్డు రారని నాకు తెలుసు. అందుకు కూడా ముందుగానే కృతజ్ఞతలు."

డీన్‌గారు మళ్లీ కూర్చున్నారు.

"చరిత్ర శాఖ ప్రతినిధిగారికి. వానలో గొడుగు ఇచ్చారు. తిరిగి ఇవ్వబోతే ఉంచుకోమన్నారు. ఇంతటి దయామయులు..."

తొమ్మిది నెలలుగా రోజూ ఆ పేర్లు చెప్పుకుంటున్నదాన్ని. ఇరవై ఆరుగురిలో నాకు మేలు చెయ్యనివాడు ఒక్కడూ లేడు. ఎనిమిదో ప్రతినిధి దగ్గర క్యాంటీను ఆయన తలుపు సందులోంచి తొంగి చూశాడు. "సార్, చల్లారిపోతోందండి."

"అమ్మా, ఇంకా ఎంతమంది?" అన్నారు డీన్‌గారు నీరసంగా.

"ఇక్కడున్నవాళ్లు పద్దెనిమిది మందండి. తరవాత ఆఫీసు సిబ్బంది, తోటమాలులు, ఈ భవనం కట్టిన తాపీ మేస్త్రులు, గోదావరి తల్లి." ఊపిరి పీల్చుకున్నాను. "ఇప్పుడు భీమరాజుగారికి. వారి కరపత్రం రెండో పేజీలో నాలుగో హామీ చదువుతాను."

చదివాను. ప్రసూతి సెలవు సాధించేదాకా నిద్రపోనని రాశారాయన.

"ఈ మాట నమ్మి ఇంగ్లీషు శాఖలో ఒకావిడ ఈ కాయితాన్ని బైబిల్లో దాచుకుంది. బైబిల్లో చోటు దొరికిన ఎకనామిక్సు ప్రొఫెసరు మరెక్కడా ఉండరు. వారికి శతకోటి కృతజ్ఞతలు."

హాలు గొల్లుమంది. రత్నంగారు కుర్చీలో కదిలారు.

"నా కరపత్రం కూడా అందులోనే ఉంది కదమ్మా?"

"ఉందండి. మీది కీర్తనల గ్రంథం దగ్గర."

ఆయన చటుక్కున లేచారు. "అధ్యక్షా, ఈ అంశానికి నేను సమ్మతిస్తున్నాను."

"ఆగండి, ముందు లేచింది నేను!" అన్నారు భీమరాజుగారు.

"మీరు లేవలేదండి, కుర్చీ జరిపారు."

"లేవడానికే జరిపాను!"

ఆ పైన చేతులు టపటపా లేచాయి. కొందరు గ్రేస్ కోసం ఎత్తారు, కొందరు పెసరట్టు కోసం. లెక్కలో రెండు రకాల చేతులూ ఒకటే.

"సమ్మతి, ఆమోదం, అంతా అయిపోయింది," అన్నారు డీన్‌గారు. "ఇక కూర్చోండి తల్లీ."

"కృతజ్ఞత..."

"వద్దు!" అన్నాయి ఇరవై ఆరు గొంతులు.

తీర్మానం పాలకమండలికి వెళ్లింది, ఆమోదం పొందింది, గ్రేస్‌కి తొమ్మిదో నెల రాగానే ఉత్తర్వు చేతికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. సెలవు అయ్యాక గ్రేస్ అదే గదిలో, అదే బల్ల దగ్గర, ఎనిమిదేళ్ల సర్వీసుతో సహా కూర్చుంది. ఆ మొదటి రోజు నా దగ్గరికొచ్చి ఏదో అనబోయి, కళ్లు తుడుచుకుని, "థ్యాంక్స్ చెప్పనక్కా. నీ ముందు ఆ మాట వాడాలంటే భయం," అంది.

తరవాతి సభలో ఎవరో ఒక సవరణ పెట్టారు: వందన సమర్పణ రెండు నిమిషాలకు మించరాదు. స్కూటర్ల షెడ్డు తూర్పో పడమరో ఈనాటికీ తేల్చుకోలేని సభ, దీన్ని మాత్రం అర నిమిషంలో నెగ్గించింది. భీమరాజుగారు ప్రతిపాదించారు, రత్నంగారు బలపరిచారు.

ఇది జరిగి కొన్నేళ్లయింది. ఈమధ్య మళ్లీ కార్యదర్శినయ్యాను, ఈసారి ఓట్లతోనే. కనక ఇప్పుడు భీమేశ్వరస్వామి సాక్షిగా, త్రికరణశుద్ధిగా ప్రమాణం చేస్తున్నాను: పోటీలో ఉన్న ఇద్దర్ని ప్రతిపాదించే పాపం ఈ జన్మలో మళ్లీ చెయ్యను. రెండు నిమిషాల నిబంధనను తు.చ. తప్పకుండా పాటిస్తాను.

వచ్చే సభలో కాంట్రాక్టువాళ్లకు ఓటు హక్కు ఇవ్వాలన్న అంశం ఉంది. నోటీసు ఇరవై రోజుల ముందే ఇచ్చాను. గెలిపిస్తారో లేదో తెలియదు. స్వాగతోపన్యాసానికి మాత్రం ఏ నిబంధనా గడువు పెట్టలేదు. ఆ రోజు స్వాగతం చెప్పేది నేనే.